పన్నెండు పౌండ్లు తక్కువ

“అన్నా, మీ ఆఫీసోళ్ళకి పాస్ పైసలు కంపెనీయే ముందుగాల కడ్తదంట గద. మల్ల నెలనెలా జీతంల పట్టుకుంటదంట. నిజమేనా?”

2023 అక్టోబరు. లండన్‌లో మా ఆఫీసు నాలుగో అంతస్తు. పొద్దున ఆరు కావస్తోంది, కిటికీ బయట ఇంకా చీకటే. నెలాఖరు జీతాల లెక్క తేలక నేను ఆ రోజు మొదటి రైలుకే వచ్చేశాను. అడిగినామెది నిజామాబాద్ వైపు. భర్త ఇక్కడ మాస్టర్స్ చదువుతుంటే డిపెండెంట్ వీసా మీద వచ్చింది. తెల్లవారకముందే వచ్చి మా అంతస్తు తుడిచి వెళ్తుంది. నా మెడలో వేలాడే కార్డు మీద పేరు చూసి తెలుగువాణ్ణని పోల్చుకుంది.

“నిజమేనమ్మా. కానీ అది కంపెనీ స్టాఫ్‌కి. మీరు ఏజెన్సీ కదా,” అన్నాను.

“సరే అన్నా, ఊకెనే అడిగిన,” అని వాక్యూమ్ క్లీనర్ లాక్కుంటూ పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. పద్నాలుగేళ్ళుగా ఈ కంపెనీ పేరోల్‌లో పనిచేస్తున్నవాణ్ణి, రూలు నాకు నోటికొచ్చు. ఎందుకు రాదు? ఆ రూలు రాసిన ముగ్గురిలో నేనూ ఉన్నాను.

ఇంగ్లండులో ఉద్యోగానికి రోజూ రైల్లో వెళ్ళేవాళ్ళకు సీజన్ టికెట్ అప్పు కొత్త మాట కాదు. కంపెనీ ఏడాది పాసు డబ్బులు మొత్తం ఒకేసారి ఇస్తుంది, వడ్డీ లేకుండా. తర్వాత పదో పన్నెండో వాయిదాల్లో జీతంలోంచి మినహాయించుకుంటుంది. దీని వెనక ఉన్న లెక్క ఒక్కటే. ఇక్కడ ఏడాది పాసు ధర నలభై వారపు పాసుల ధరకు సమానం. ఏడాదికి యాభై రెండు వారాలు కదా, డబ్బంతా ముందే కట్టగలిగినవాడికి పన్నెండు వారాలు ఊరికే వస్తాయి. నెల పాసు ధర వారపు పాసుకు 3.84 రెట్లు. అంటే నెలనెలా కొనేవాడు ఏడాదికి నలభై ఆరు వారాల డబ్బు కడతాడు. వారం వారం కొనేవాడు యాభై రెండూ కడతాడు. రైలు అందరికీ ఒకటే, సీటు దొరకని అవస్థా ఒకటే. చేతిలో ఎవరికి ఎంత డబ్బు నిలవ ఉందన్నదాన్ని బట్టి ధర మారుతుంది.

నా సంగతే చెప్తాను. రెడింగ్‌లో ఇల్లు కొన్నాక నా ఏడాది టికెట్ ఐదు వేల పౌండ్లు దాటింది. కంపెనీ అప్పిచ్చింది. పన్నెండు వారాలు మిగిలాయి. పైగా ఏడాది టికెట్‌తో గోల్డ్ కార్డ్ వస్తుంది, రద్దీ లేని వేళల్లో మిగతా ప్రయాణాలకు మూడో వంతు తగ్గింపు. వెంట వచ్చేవాళ్ళకూ అంతే. ఆదివారాలు మా ఆవిడతో ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి కాఫీ తాగి వచ్చినప్పుడల్లా ఆ కాఫీ డబ్బులు టికెట్‌లోనే మిగిలేవి. తెలివిగా బతుకుతున్నామని మురిసిపోయేవాళ్ళం.

2008లో వచ్చిన కొత్తలో ఈ తెలివి లేదు. తెలివి ఎక్కడికి పోతుంది, డబ్బు లేదు. ఈస్ట్ హామ్‌లో ఒక గదిలో నలుగురం. మొదటి ఉద్యోగం దొరికాక జీతం రావడానికి నెల పడుతుంది, ఆ నెలంతా ఆఫీసుకు ఎలా వెళ్ళాలో తోచలేదు. గదిలో ఒంగోలు కుర్రాడు ఒకడు నెల పాసు డబ్బులు చేబదులు ఇచ్చాడు. కాగితం లేదు, వాయిదాల్లేవు, “జీతమొచ్చాక చూద్దాంలే” అన్నాడు. ఆ చేబదులుతోనే ఈ దేశంలో నా బతుకు మొదలైంది. ఏడాది తిరక్కుండా ఈ కంపెనీలో చేరి, మరి నాలుగేళ్ళకు అప్పుల రూళ్ళు రాసే ముగ్గురిలో ఒకణ్ణయ్యాను. కొత్తగా చేరినవాళ్ళకు ఆరు నెలల ప్రొబేషన్ పూర్తయ్యాకే పాసు అప్పు అని అందులో ఒక రూలు. మొదటి నెలలో అవసరమయ్యే డబ్బును ఏడో నెలలో ఇస్తామన్నాం. రాసిన కాగితం మీద నా ఇనీషియల్స్ ఉన్నాయి. ఒంగోలు కుర్రాడు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

2014 ఏప్రిల్‌లో ఇక్కడి పన్ను చట్టం మారింది. అంతకుముందు కంపెనీ ఇచ్చే వడ్డీ లేని అప్పు ఐదు వేల పౌండ్లు దాటితే, కట్టని వడ్డీని ఆదాయంగా లెక్కేసి పన్ను వేసేవారు. ఆ హద్దును పది వేలకు పెంచారు. దూరపు ఊళ్ళ నుంచి వచ్చే మా మేనేజర్ల టికెట్లు అప్పటికే ఐదు వేలు దాటుతున్నాయి. వెంటనే కూర్చున్నాం. మా రూల్లోనూ పై హద్దు పది వేలు చేశాం. టీ చల్లారేలోగా అయిపోయింది మీటింగు. ఎవరి కోసం ఏ పని ఎంత తొందరగా చేయగలమో మాకు అప్పుడే తెలిసి ఉండాలి.

ఆ మీటింగులోనే నేనొక మాట కలిపాను. చిన్న చిన్న అప్పులకూ పెద్ద అప్పులకూ కాగితం పని ఒకటే అవుతోంది, ప్రతి దరఖాస్తుకూ నేనే ఫారం చూడాలి, సంతకం తీసుకోవాలి, సిస్టంలో ఎక్కించాలి, వాయిదాలు వేయాలి, మధ్యలో మానేస్తే మిగిలింది ఆఖరి జీతంలో పట్టాలి. అందుకని కనీసం వెయ్యి పౌండ్లు ఉంటేనే అప్పిద్దాం అన్నాను. మిగతా ఇద్దరూ తలూపారు. కారణం అదే, నా టైపింగు తగ్గడం. ఇందులో ఏదో దురుద్దేశం ఉందని చెప్పుకునేపాటిది కూడా లేదు.

ఆ అక్టోబరు పొద్దున నిజామాబాద్ ఆమె వెళ్ళాక, లెక్కలు చూడటం నా వృత్తి గనక ఊరుకోలేక ఒక కాగితం తీశాను. ఆమెకు రెండు చోట్ల పని. తెల్లవారుజామున మా దగ్గర, సాయంత్రం ఇంకో బిల్డింగులో. మధ్యలో ఇంటికెళ్ళి పిల్లవాణ్ణి చూసుకోవాలి. రోజుకు నాలుగు బస్సు ప్రయాణాలు. రైలు కన్నా బస్సు చవక, అందుకే ఇలాంటివాళ్ళు గంటన్నర ముందు లేస్తారు. లండన్ బస్సు అప్పుడు 1.75 పౌండ్లు, ఎన్నిసార్లు ఎక్కినా రోజుకు 5.25, వారానికి 24.70 దాటి తీసుకోరు. ఏడాది బస్ పాసు అయితే 988 పౌండ్లు. మళ్ళీ అదే నలభై వారాల లెక్క. ఆమె వారం వారం కడుతూ పోతే ఏడాదికి 1,284 దాటుతుంది. జ్వరాలకో, పండక్కో నాలుగు వారాలు తీసేసినా దాదాపు రెండు వందల పౌండ్లు మిగులు. కంపెనీ 988 ఇచ్చి పన్నెండు నెలల్లో రాబట్టుకుంటే నెలకు 82 పౌండ్ల పైచిల్లర.

కాగితం మీద ఆ 988 చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఆమె ఏజెన్సీ మనిషి కాకుండా మా ఉద్యోగే అయి ఉన్నా, ఈ అప్పు వచ్చేది కాదు. నేను పెట్టిన వెయ్యికి పన్నెండు పౌండ్లు తక్కువ. అంతకుముందు ఏళ్ళలో బస్ పాసు ఇంకా చవకే. అంటే బస్సులో వచ్చే మా సొంత మనుషులు, పోస్ట్ రూమ్ వాళ్ళు, క్యాంటీన్ వాళ్ళు, రిసెప్షన్‌లో సాయంత్రం షిఫ్టు అమ్మాయి, వీళ్ళెవరికీ దాదాపు పదేళ్ళుగా ఈ సదుపాయం లేదు. ఎవరూ అడగలేదు కూడా. అడగలేదు గనక అవసరం లేదనుకున్నాం.

కాదు, ఒకసారి అడిగారు. అది దాచిపెట్టి ఈ ఒప్పుకోలు రాయడం న్యాయం కాదు.

2016లో పోస్ట్ రూమ్ పెద్దాయన వచ్చాడు. ఆయన ఊరు లూటన్ దగ్గర, టికెట్ వెయ్యి దాటేదే, హద్దు అడ్డురాదు. ఆ ఏప్రిల్‌లోనే కనీస వేతనం గంటకు 7.20 పౌండ్లయింది. ఆయన జీతం దానికి కాస్త పైన. మా ముగ్గురిలో ఒకరు, “జీతంలోంచి కోత పడితే కనీస వేతనం కిందికి జారుతుంది, చట్టం ఒప్పుకోదు” అన్నారు. ఎంత బాగుందో ఆ మాట. పేదవాడి కోసం చేసిన చట్టాన్నే పేదవాడికి అడ్డం పెట్టడం. నేను పేరోల్ మనిషిని, నాకు తెలుసు అది తప్పని. జీతాన్నే తగ్గించి దాని బదులు సైకిలో మరొకటో ఇచ్చే పద్ధతిలో ఆ చిక్కు నిజంగానే ఉంది. అప్పు వాయిదా వేరు. 2015 కనీస వేతన నిబంధనల్లోనే ఉంది, అప్పుకో అడ్వాన్సుకో పట్టే వాయిదాను కనీస వేతనంలోంచి తగ్గించి లెక్కపెట్టకూడదని. ఆ నిబంధనల కాపీ నా డెస్కు మీదే ఉంది. తీసి చూపించలేదు. చూపిస్తే ఆ దరఖాస్తు నేనే చేయాలి, ఆ తర్వాత క్యాంటీన్ నుంచి ఇంకో పది వస్తాయి. “సారీ, చట్టం” అని ఆయనకు మేం ముగ్గురం కలిసి ఉత్తరం రాశాం. ఆయన థాంక్స్ చెప్పాడు.

నాన్న తాలూకా ఆఫీసులో గుమస్తా. సంక్రాంతికి ముందు ఫెస్టివల్ అడ్వాన్స్ వచ్చేది. వడ్డీ లేదు, పది వాయిదాలు. మా ఇంట్లో బట్టలూ నెయ్యీ ఆ డబ్బులతోనే. ఒక ఏడు ఇంక్రిమెంటు వచ్చి నాన్న జీతం ఏదో గీత దాటింది, ఫెస్టివల్ అడ్వాన్స్ ఆగిపోయింది. “మనం పెద్దవాళ్ళమైపోయామే” అని నాన్న నవ్వడం, అమ్మ నవ్వకపోవడం నాకు గుర్తు. ఆఫీసు అటెండరుకు మాత్రం యథాప్రకారం వచ్చింది. తక్కువ జీతగాడికే పండగ ఖర్చు బరువు అన్న జ్ఞానం ఆ సర్కారు రూలు రాసినవాడికి ఉంది. మేం ఇక్కడ, ఇంత ఆధునికమైన ఆఫీసులో, ఆ గీతను తలకిందులు చేశాం. అక్కడ జీతం ఎక్కువైతే అప్పు లేదు. ఇక్కడ అవసరం చిన్నదైతే అప్పు లేదు.

ఏజెన్సీ వాళ్ళు మన ఉద్యోగులు కారన్నది మా గట్టి గోడ. దాని సంగతీ చెప్పాలి. 2001లో తూర్పు లండన్‌లో మొదలైన ఉద్యమం ఒకటుంది, ఈ నగరంలో బతకడానికి నిజంగా ఎంత కావాలో లెక్కేసి ఆ జీతం ఇవ్వమని. లండన్ లివింగ్ వేజ్ అంటారు. ఇస్తామని ఒప్పుకున్న కంపెనీకి గుర్తింపు ఇస్తారు, గోడకు తగిలించుకోవడానికి ఫలకం కూడా. దానికో షరతు ఉంది. మన ప్రాంగణంలో పనిచేసే ఏజెన్సీ మనుషులకూ ఆ జీతం అందాలి. 2018లో మాకు ఆ ఫలకం కావాల్సి వచ్చింది, క్లయింట్లు అడుగుతున్నారు. క్లీనింగ్ కాంట్రాక్టులో ఒక పేరా చేర్చాం. ఏజెన్సీ సంతకం పెట్టింది. గోడ ఎక్కడికి పోయిందో తెలియదు. పేరా చేర్చింది నేనే. ఆ కాంట్రాక్టులో టాయిలెట్ పేపరు ఎన్ని పొరలుండాలో ఉంది, గాజు తలుపులు రోజుకు ఎన్నిసార్లు తుడవాలో ఉంది. ఇంకో రెండు వాక్యాలు, మీ మనుషులకు ఏడాది పాసుకు అప్పివ్వండి, దానికి హామీ మేం ఉంటాం అని, రాస్తే సరిపోయేది. దానికి ఫలకమేదీ వచ్చేది కాదు గనక రాయలేదు. అన్నట్టు, లివింగ్ వేజ్‌తో మా సొంత మనుషులందరి జీతమూ కనీస వేతనానికి బాగా పైకి వెళ్ళింది. కనీస వేతనమనే పాత సాకు చచ్చింది. పోస్ట్ రూమ్ పెద్దాయనకు ఇంకో ఉత్తరం మాత్రం ఎవరం రాయలేదు.

అంతకు ముందు ఏడే, 2017లో, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో క్లీనర్లు సమ్మె చేసి, ఏజెన్సీ చేతి నుంచి తప్పించుకుని నేరుగా ఆ సంస్థ ఉద్యోగులయ్యేలా సాధించుకున్నారు. ఆ వార్త మేం భోజనాల దగ్గర చదువుకున్నాం. భలే చేశారన్నాం. తర్వాత చెయ్యి కడుక్కుని పైకి వెళ్ళాం.

అప్పు ఎగ్గొట్టి పారిపోతారన్న భయం ఒకటి మీటింగుల్లో ఎప్పుడూ తిరిగేది. పైకి అనరు, ‘రిస్క్’ అంటారు. నా చేతి మీదుగా వెళ్ళిన ఖాతాల్లో అసలు ఇబ్బంది పెట్టింది ఒక్కటే, తొమ్మిది వేల టికెట్ మీద ఉన్నవాడు అర్ధాంతరంగా మానేసి ఆఖరి జీతం చాలక వకీలు ఉత్తరాల దాకా వెళ్ళడం. అతను డైరెక్టరు. ఆ తర్వాత కూడా రిస్క్ అన్న మాట క్యాంటీన్ వాళ్ళ గురించే వినిపించేది.

కరోనా వచ్చినప్పుడు మా తీరు ఇంకా బాగా బయటపడింది. 2020 మార్చిలో ఆఫీసు మూతపడింది. చాలామందిని ఫర్లోలో, అంటే పనిలేని సెలవులో పెట్టాం, జీతంలో ఎనభై శాతం. టికెట్లు జేబుల్లో ఉన్నాయి, రైలెక్కేవాడు లేడు, వాయిదాలు మాత్రం నేను పట్టుకుంటూనే ఉన్నాను. సిస్టంలో వేసినవి వేసినట్టు పోతున్నాయి, ఆపమని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వాడని టికెట్‌కు రైల్వే వాళ్ళ దగ్గర రీఫండ్ వస్తుంది, తొందరగా అడగాలి. ఆలస్యమైతే పోతుంది. ఏడాది టికెట్ నలభై వారాల ధర కదా, పది నెలలు దాటాక తిరిగి వచ్చేది దాదాపు ఉండదు. ఆ సంగతి వివరంగా రాసి ఆఫీసు ఇంట్రానెట్‌లో పెట్టాం. ఇంట్రానెట్ తెరవాలంటే ఆఫీసు లాప్‌టాప్ కావాలి. లాప్‌టాప్ ఉన్నవాళ్ళకు ఇంటి నుంచే పని, జీతమూ పూర్తిగా వస్తోంది. ఫర్లోలో ఉన్న, రైల్లో వచ్చే ఇంకో రిసెప్షన్ అమ్మాయికి ఆ కబురు జూన్‌లో తెలిసింది. ఆమె స్టేషన్‌కు ఫోన్ చేసి ఏం వినిందో నాకు చెప్పలేదు. తర్వాత నా దగ్గరికి ఏ విషయానికీ రాలేదు.

ఇక్కడ ‘మేం’ అంటే ఇంగ్లీషువాళ్ళు అనుకునేరు. ఆ ముగ్గురిలో ఒకావిడ తండ్రి జమైకా నుంచి వచ్చి లండన్ బస్సుల్లో కండక్టరుగా చేసినవాడు. ఇంకొకాయన ఐరిష్, వాళ్ళమ్మ ఆఫీసులు తుడిచేది, ఆ సంగతి పార్టీల్లో గర్వంగా చెప్పేవాడు. మూడోవాణ్ణి నేను. ముగ్గురికీ తెలుసు, తెల్లవారుజామున బస్సులో కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళెవరో. తెలియనివాళ్ళు తప్పు చేస్తే తెలియచెప్పొచ్చు. మేం ముగ్గురం మా ఇళ్ళ కథలు భద్రంగా ఇంట్లో పెట్టి తాళం వేసి ఆఫీసుకొచ్చేవాళ్ళం.

మన తెలుగువాళ్ళ ఉగాది సభకు ఏటా ఒక హాలు తీసుకుంటాం. పేస్లిప్ చదవడం ఎలా అని నన్నొకసారి మాట్లాడమన్నారు. సీజన్ టికెట్ అప్పు మీద పన్ను పడకుండా ఎలా చూసుకోవాలో అరగంట చెప్పాను, ముందు వరసల్లో వాళ్ళు రాసుకున్నారు. వెనక గోడకు ఆనుకుని కొత్తగా వచ్చిన విద్యార్థులు, వాళ్ళ భార్యలు నిలబడి ఉన్నారు. భోజనాలు వడ్డించేది వాళ్ళే. నాలుగో అంతస్తులో కనబడినామె ఆ గుంపులో ఉందేమో నాకు తెలియదు. ఉన్నా గుర్తుపట్టేవాణ్ణి కాదు, అప్పటికింకా ఆమెను చూడలేదు.

988 వేసుకున్న కాగితం సొరుగులో పెట్టాను, తర్వాతి మీటింగులో తీద్దామని. తర్వాతి మీటింగు క్రిస్మస్ పార్టీ బడ్జెట్ గురించి. ఆ తర్వాతది జనవరిలో, టికెట్ ధరలు పెరిగేలోపు మేనేజర్ల అప్పులు తొందరగా ఇచ్చేయాలని. ఫిబ్రవరిలో మా అంతస్తుకు వేరే క్లీనర్ వచ్చింది. ఏజెన్సీ వాళ్ళు ఆమెను ఇంకో బిల్డింగుకు మార్చారట. పేరు చెప్పి ఎక్కడికని అడుగుదామనుకుంటే, ఆ పేరు నేనెప్పుడూ అడగలేదని అప్పుడు తెలిసింది. ఆమె నా పేరు చదివే పలకరించింది.

ఈ ఏడు వసంతంలో మళ్ళీ కూర్చున్నాం. ఇప్పుడు మా మేనేజర్లు వారానికి రెండు రోజులే వస్తున్నారు. ఇరవై ఎనిమిది రోజుల్లో ఎనిమిది రోజులు తిరగనిచ్చే ఫ్లెక్సీ టికెట్ 2021 నుంచి ఉంది, దానికి పెద్ద మొత్తం అక్కర్లేదు, అప్పూ అక్కర్లేదు. పోయినేడు పాసు అప్పుకు వచ్చిన దరఖాస్తులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకటి నాదే. పథకం ఎత్తేద్దామన్నారు. అభ్యంతరాలున్నాయా అని ఐరిష్ ఆయన అడిగి, అలవాటుగా నా వైపు చూశాడు. కాగితం సొరుగులో ఉంది. సొరుగు తాళం నా జేబులో ఉంది.

మినిట్స్ నేనే టైపు చేశాను. “సిబ్బందిలో ఈ సదుపాయం పట్ల ఆసక్తి లేనందున పథకాన్ని వచ్చే ఏప్రిల్ నుంచి ఉపసంహరించడమైనది” అని ఇంగ్లీషులో రాసి, స్పెల్లింగ్ సరిచూసుకుని, మిగతా ఇద్దరికీ పంపాను.